గ్లూటెన్ లేని తిండి - పల్నాటి జొన్నకూడు

గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే బస్సులో ఎడ్లపాడు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే కొండవీటి కొండలు కనిపిస్తాయి. ఆ కోటలోనే, రెడ్డిరాజుల కొలువులో, శ్రీనాథ మహాకవి విద్యాధికారిగా పనిచేశాడు. సన్నబియ్యపు అన్నానికి అలవాటుపడిన ఆయన పల్నాడు వెళ్ళి, అక్కడ ఏ ఇంట చూసినా జొన్న తప్ప మరో తిండి లేదని విసుక్కున్నాడట. ఆ చాటువు ఆయనదేనని జనం అంటారు. తెలుగు క్లాసులో విని నవ్వుకోనివాళ్ళు మనలో లేరు. తమాషా ఏమంటే, 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఎడ్లపాడు మండలంతోపాటు ఆయన కొండవీడు కూడా పల్నాటిలోనే చేరిపోయింది!

ఆయన మూతి విరిచిన ఆ జొన్నకే ఇప్పుడు రోజులొచ్చాయి. పెద్ద బజార్లలో 'గ్లూటెన్ లేనిది' అని ముద్రవేసిన పొట్లాల్లో జొన్నపిండి గోధుమపిండి కంటే ఎక్కువ ధరకు అమ్ముడవుతోంది. హాస్టలు మెస్సులో చపాతీ రోజున "నాకొద్దురా, గ్లూటెన్ మానేశాను" అనే మిత్రులు తయారయ్యారు. అదే మిత్రుడు సాయంత్రం బండి దగ్గర నాలుగు మైసూరు బజ్జీలు లాగిస్తాడు. బజ్జీ మైదాతో చేస్తారనీ, మైదా అంటే గోధుమేననీ పాపం అతనికి ఎవరూ చెప్పలేదు.

అసలీ గ్లూటెన్ ఏమిటి? గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే మాంసకృత్తు. చూడాలనుకుంటే గోధుమపిండి గట్టిగా కలిపి, ఆ ముద్దను పంపు కింద పట్టుకుని పిసకండి. తెల్లటి గంజి అంతా కారిపోయి చివరకు సాగే బంకముద్ద ఒకటి చేతిలో మిగులుతుంది. గ్లూటెన్ అంటే అదే. రొట్టె పొంగడం, పరోటా పొరలు పొరలుగా సాగడం దాని చలవే. జొన్నలో అది లేదు గనకే మన అమ్మలు జొన్నపిండిని వేణ్ణీళ్ళతో కలిపి, అప్పడాల కర్ర జోలికి పోకుండా, అరచేత్తో తట్టి రొట్టె చేస్తారు. బియ్యం, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్న, పప్పుల్లోనూ అది లేదు.

కొందరికి ఈ గ్లూటెన్ నిజంగానే విషం. సీలియాక్ అనే జబ్బులో, అది కడుపులో పడగానే ఒంటిని కాపాడవలసిన రక్షణశక్తి ఎదురుతిరిగి చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. ఆహారంలోని సారాన్ని పీల్చుకునే నూగులాంటి పొర అరిగిపోతుంది. ఎంత తిన్నా ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లేకపోవడం దాని లక్షణాలు. దీని గుట్టు బయటపడిన కథ విచిత్రమైనది. హాలెండులో డికీ అనే పిల్లల డాక్టరుకు యుద్ధానికి ముందే గోధుమమీద అనుమానం ఉండేది. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరకక జనం అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు కోలుకున్నారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగొచ్చింది. 1950లో ఆయన ఈ సంగతి మీద సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. మందు నేటికీ లేదు. జన్మంతా గ్లూటెన్ మానడమే వైద్యం. వీళ్ళకు అది ఫ్యాషను కాదు, ప్రాణావసరం.

మరి మన దగ్గర ఈ రోగులెందరు? ఉత్తరాన హర్యానాలో, ఈశాన్యాన అస్సాంలో, దక్షిణాన వెల్లూరు ప్రాంతంలో మొత్తం 23 వేలమందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఉత్తరాన వెయ్యిమందిలో ఎనిమిది మందికి పైగా ఉంటే, దక్షిణాన పదివేలకు ఒక్కరు! ఈ జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు మాత్రం అందరిలోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. తేడా కంచంలో ఉంది. అక్కడివాళ్ళు రోజుకు సుమారు 455 గ్రాముల గోధుమ తింటే ఇక్కడివాళ్ళు తినేది 25 గ్రాములు. షుగరు వచ్చిందని అన్నం మాని రెండుపూటలా చపాతీలకు దిగిన మన ఇళ్ళలో ఈ లెక్క ముందుముందు మారవచ్చునని నా అనుమానం.

సీలియాక్ లేకపోయినా "గోధుమ మానాక కడుపు తేలికపడింది" అనేవాళ్ళున్నారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. కాని నేరం గ్లూటెన్‌దేనా? నార్వేలో ఇలాంటి 59 మందికి ఏది ఎందులో ఉందో చెప్పకుండా మూడు రకాల బిళ్ళలు తినిపించి, 2018లో ఫలితం ప్రచురించారు. ఎక్కువ బాధపెట్టింది గ్లూటెన్ కాదు, ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం. అది గోధుమలోనే కాదు, ఉల్లిపాయలోనూ వెల్లుల్లిలోనూ ఉంది. వెల్లుల్లి ఆవకాయ లాగించి చపాతీని తిట్టుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. ఇక గుండెజబ్బు సంగతి. అమెరికాలో లక్షమందికి పైగా ఆరోగ్య ఉద్యోగులను పాతికేళ్ళకు పైగా గమనించి 2017లో చెప్పిందేమంటే, గ్లూటెన్ ఎక్కువ తిన్నవాళ్ళకు గుండెజబ్బు ఎక్కువగా ఏమీ రాలేదని.

అలాగని, గ్లూటెన్ లేని తిండి తిన్న మన పూర్వులందరూ ఇనుప గుండ్లలా ఉన్నారనుకోవడమూ పొరపాటే. నేను ముఖ్యంగా చెప్పదలచిందిదే. హైదరాబాదు చుట్టుపట్ల జొన్నే ఆధారంగా బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలయ్యేవి. ముదిరితే మతి చలించేది. ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన గోపాలన్, శ్రీకంటయ్యగార్లు దీన్ని పరిశోధించి, జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ కావడం వల్ల నియాసిన్ అనే విటమిను ఒంటికి అక్కరకు రాకుండా పోతోందని 1960లో వివరించారు. జొన్నతోపాటు పప్పు, పాలు, మాంసం ఉన్న ఇళ్ళలో ఈ బెడద తక్కువ. ఆ కూలివాళ్ళ కంచంలో గ్లూటెన్ అణువంతైనా లేదు, ఆరోగ్యమూ లేదు. 1967లో సాగరు కాలువలకు నీళ్ళొదిలి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక జనం జొన్నను వదిలి అన్నానికి మళ్ళారంటే, తెలివితక్కువ వల్ల కాదు.

పొట్లాల సంగతీ అంతే. ముద్ర చూసి కొన్న బిస్కట్టులో గోధుమ బదులు తెల్ల బియ్యపుపిండి, బంగాళాదుంప పిండి, పైన చక్కెర, నూనె ఉంటే లాభమేమిటి? పరోటా మాని జొన్నరొట్టె, గోంగూర పప్పు తిన్నవాడికి మేలు జరిగితే, ఆ ఘనత పీచుకూ పప్పుకూ చెందాలి.

ఒక హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. ఏళ్ళ తరబడి కడుపు బాధ, మందులకు లొంగని రక్తహీనత ఉన్నవాళ్ళు, ఎవరో చెప్పారని ముందే గోధుమ మానేయకండి. సీలియాక్‌కు రక్తపరీక్ష ఉంది. కాని గోధుమ తింటూ ఉన్నప్పుడు చేస్తేనే అది నిజం చెబుతుంది. మానేశాక చేస్తే జబ్బున్నా లేనట్టు రావచ్చు. ముందు పరీక్ష, తరువాతే పథ్యం.

జబ్బు ఖాయమైన ఇంట్లో జాగ్రత్త వేరే స్థాయిలో ఉండాలి. గ్లూటెన్ లేనిదని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించరాదని మనదేశపు నిబంధన. బజారులో దొరికే ఇంగువలో తరచు గోధుమపిండి కలుపుతారు, పులిహోర పోపుతోనే పథ్యం చెడవచ్చు. ఊళ్ళో పిండిమర మరో చిక్కు. ముందు వచ్చినవాళ్ళు గోధుమలు పట్టించుకుపోయాక అదే మరలో మన జొన్నలు పోస్తే, ఆ గోధుమపిండి కొంత మన డబ్బాలోకి వస్తుంది. అలాంటి ఇంటివాళ్ళు అటకమీద మూలనపడ్డ నాయనమ్మ తిరగలిని దించి, కడిగి, ఆరబెట్టి, జొన్నలు ఇంట్లోనే విసురుకోవడం మంచిది.