గకారపు మొక్కలు: పేర్ల పొత్తు, పుట్టుక చుట్టరికము

నిఘంటువులో గకారము తీసి చూచినచో గంగరావి, గడ్డిచామంతి, గన్నేరు, గరిక, గానుగ, గుంటగలగర, గురివింద, గులాబి, గోంగూర, గోరింట, గోరుచిక్కుడు అను పేర్లు వరుసగా కనిపించును. వీనిలో కొన్ని పెరటిలోను, పూలతోటలోను మనుష్యులు పెంచునవి. కొన్ని పొలముగట్ల మీద, బీళ్ళలో, కంచెల వెంట తమంత తాము మొలచునవి. గంగరావి, గానుగ బాటల ప్రక్క నీడ నిచ్చు చెట్లు. ఇవన్నియు ఒకచోట చేరుటకు కారణ మొక్కటే, మొదటి అక్షరము.

అక్షరక్రమము మాటను వెదకుటకు చేసికొన్న ఏర్పాటు మాత్రమే. ఈ పదకొండు మొక్కలలో రెండు మన ఇండ్లలో తరచు వండుకొను కూరలు. మరి రెండు ప్రాణము తీయగల విషమును దాచుకొన్నవి. కనుక వీనిలో ఏది దేనికి బంధువు, ఏ పేరును ఎంతవరకు నమ్మవచ్చును అను ప్రశ్న నిఘంటువుతో తీరునది కాదు. అందుకు పువ్వును, కాయను విప్పి చూడవలెను.

చుట్టరికమునకు గుర్తు

స్వీడన్ దేశీయుడైన కార్ల్ లినేయస్ 1753లో ప్రచురించిన గ్రంథములో ప్రతి మొక్కకును రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని స్థిరపరచెను. మొదటి మాట ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. మొక్కలను విభజించుటకు ఆయన ముఖ్యముగా పువ్వులోని కేసరముల సంఖ్యను, వాని అమరికను ఆధారముగా గైకొనెను. తరువాతి శాస్త్రజ్ఞులు కాయ, గింజ, ఆకుల అమరిక మొదలైన అనేక లక్షణములను కలిపి చూచి, దగ్గరి ప్రజాతులను కుటుంబములుగా కూర్చిరి. ఆకు పరిమాణము నేలను, నీటిని, ఎండను బట్టి మారుచుండును. పువ్వు నిర్మాణము అంత తేలికగా మారదు. అందుచేత చుట్టరికమునకు పువ్వే మంచి సాక్షి. 1990 తరువాత మొక్కల కణములలోని డి.ఎన్.ఎ.ను పోల్చి చూచు పద్ధతి బలపడినది. దాని ఆధారముతో 1998లో పుష్పించు మొక్కలకు క్రొత్త వర్గీకరణము వెలువడినది.

ఈ లెక్కన పై పదకొండు మొక్కలును ఏడు కుటుంబములకు చెందినవి. గరికకు వరి, జొన్న, చెరకు, వెదురు బంధువులు. గులాబికి ఆపిల్ బంధువు. తక్కినవానిని కొంత నిదానముగా చూడవలసి యున్నది.

నిఘంటువు విడదీసిన బంధువులు

గన్నేరు గకారములో నున్నది. పచ్చగన్నేరు పకారములోను, బిళ్ళగన్నేరు బకారములోను ఉన్నవి. కాని ఈ మూడును నిజముగా ఒకే కుటుంబములోనివి. మూడింటి మొగ్గలను చూచినచో ఐదు ఆకర్షక పత్రములు ఒకదాని అంచుపై నొకటి మెలితిరిగి యుండును. విచ్చిన పువ్వు పిల్లలు గాలికి పట్టుకొను తాటాకు గిరికను పోలియుండును.

ఒకే కుటుంబమైనను ఇవి మూడు వేరు ప్రజాతులు. గన్నేరునకు కణుపు కణుపునకు సాధారణముగా మూడేసి ఆకులుండును. కాయలు పొడవైనవి, పగిలినప్పుడు నూగుకుచ్చు గల గింజలు గాలిలో ఎగిరిపోవును. పచ్చగన్నేరు ఆకులు ఒక్కొక్కటిగా పుట్టును. పసుపుపచ్చని గరాటు వంటి పువ్వు, లోపల గట్టి టెంక గల కాయ దాని గుర్తులు. బిళ్ళగన్నేరు చిన్న మొక్క. ఆకులు జంటలుగా ఎదురెదురుగా నుండును. సన్నని జంట కాయలలో నూగు లేని నల్లని గింజలుండును.

ఈ భేదములు తెలియుట వినోదమునకు మాత్రమే కాదు. గన్నేరు మొక్కలో అన్ని భాగములును విషపూరితములే. పచ్చగన్నేరు గింజ మిక్కిలి ప్రమాదకరమైనది. వీనిలోని పదార్థములు గుండె కండరపు కణములలో సోడియము, పొటాసియము లవణముల రాకపోకలను నడుపు ఏర్పాటును అడ్డగించును. దానివలన గుండె కొట్టుకొను లయ తప్పును.

బిళ్ళగన్నేరు మడగాస్కర్ ద్వీపమునుండి లోకమంతటను వ్యాపించినది. దీని ఆకులు మధుమేహమునకు మందని అనేక దేశముల ప్రజలు వాడుచుండిరి. ఆ గుణమును పరీక్షింపబూనిన కెనడా శాస్త్రజ్ఞులు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనువారు, ఆకు సారము రక్తములోని తెల్లకణములను తగ్గించుటను గమనించిరి. 1958లో వారు విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును వేరుచేసిన విషయమును ప్రకటించిరి. తరువాత ఇదే మొక్కనుండి విన్‌క్రిస్టిన్ లభించినది. కణము రెండుగా చీలునప్పుడు క్రోమోసోములను ఇరువైపులకు లాగు సన్నని దారములు ఏర్పడకుండ ఈ మందులు అడ్డుపడును. అందువలన త్వరత్వరగా చీలుచుండు కాన్సరు కణముల వృద్ధి ఆగును. పిల్లలకు వచ్చు రక్తపు కాన్సరు చికిత్సలో విన్‌క్రిస్టిన్ నేటికిని ముఖ్యమైన మందు. లినేయస్ ఈ మొక్కకు వింకా రోజియా అని పేరిడెను. నేడు దీనిని కాథరాంథస్ రోజియస్ అందురు. పాత పేరు మందుల పేర్లలో నిలిచిపోయినది. ఈ మందులు శుద్ధిచేయబడి, కొలిచిన స్వల్పమాత్రలో వైద్యుల పర్యవేక్షణమున ఇవ్వబడునవి. ఇంట ఆకులు నమలుట దానికి సాటి కాదు, క్షేమమును కాదు.

ఒకే ఇంట కూర, విషము, నూనె

గోరుచిక్కుడు, గురివింద, గానుగ: ఒకటి కూరమొక్క, ఒకటి అల్లుకొను తీగ, ఒకటి చెట్టు. చూపునకు పొంతన లేని ఈ మూడును చిక్కుడు కుటుంబములోనివే. మూడింటి పువ్వులోను వెనుక ఒక పెద్ద ధ్వజము, ఇరుప్రక్కల రెండు బాహువులు, ముందు పడవవలె కలిసిన ద్రోణి ఉండును. మూడింటి ఫలమును కాయయే. ఈ కుటుంబపు మొక్కలలో అధికభాగము వేళ్ళపై బుడిపెలు గలిగి, వానిలోని సూక్ష్మజీవుల సహాయమున గాలిలోని నత్రజనిని గ్రహించును.

గోరుచిక్కుడు గింజలనుండి తీసిన జిగురుపొడి ఆహారపదార్థములను చిక్కపరచుటకును, చమురుబావుల త్రవ్వకమునందును ఉపయోగపడుచున్నది. గానుగ గింజల నూనె చేదు. తినుటకు పనికిరాదు గాని దీపములకు, సబ్బులకు వాడుదురు. ఇక గురివింద. తన క్రింది నలుపు నెరుగదని సామెతకెక్కిన ఆ ఎఱ్ఱని గింజను పూర్వము కంసాలులు బంగారము తూచుటకు వాడిరి. అందులోని ఏబ్రిన్ అను మాంసకృత్తు కణములలో మాంసకృత్తుల తయారీని నిలిపివేయును. పై పెంకు గట్టిది గనుక నమలక మ్రింగిన గింజ అట్లే బయటపడిపోవచ్చును. నమిలినను, రంధ్రము చేసిన పూసగింజ లోపలికి పోయినను ప్రాణాపాయము కలుగవచ్చును. చుట్టరికము పోలికను చెప్పును గాని తినదగునని హామీ ఇయ్యదని గురివింద తెలుపుచున్నది.

రావి కాని గంగరావి

గంగరావి ఆకు హృదయాకారమున రావి ఆకును పోలియుండుటచే చూచువారు భ్రమపడుదురు. రావిచెట్టు పువ్వులు పండువంటి కాయ లోపల దాగియుండును. గంగరావి పువ్వు పెద్దది, పసుపుపచ్చనిది, అడుగున ముదురెఱుపు మచ్చ గలది, వాడునప్పటికి ఎఱ్ఱబారును. దాని నడుమ కేసరము లన్నియు కలిసి ఒక గొట్టముగా నిలుచును. అట్టి గొట్టమే గోంగూర పువ్వులోను, మందారలోను, బెండలోను, పత్తిలోను కనిపించును. గంగరావికి సొంత బంధువు రావి కాదు, పెరటిలోని గోంగూర.

గడ్డిచామంతి, గుంటగలగరల విషయములో మాత్రము పేరు కొంత నిజము చెప్పినది. గడ్డిచామంతి నిజముగా చామంతి కుటుంబములోనిదే. ఈ కుటుంబములో ఒక పువ్వని తోచునది చిన్న పువ్వుల గుంపు. గుంటగలగర తెల్లని గుండీ వంటి పువ్వును విడదీసినను ఇదే రచన కానవచ్చును. తోటలోని బంతి, పొలములోని ప్రొద్దుతిరుగుడు వీని జ్ఞాతులు.

పేరు కలిపిన పరాయివారు

గన్నేరు అను మాట బంధువులను కలిపినది. గోరింట అను మాట అట్లు చేయలేదు. చేతికి పెట్టుకొను గోరింటకు దానిమ్మ బంధువు. పూర్వము దానిమ్మను వేరొక కుటుంబముగా నెంచిరి. నేడు రెంటిని ఒకే కుటుంబమున చేర్చిరి. తాకగానే కాయ చిట్లి గింజలు వెదజల్లు చిలకగోరింట వేరొక కుటుంబము. ముళ్ళగోరింట మూడవ కుటుంబము. చిత్రమేమనగా, గోరింటాకులో రంగునిచ్చు లాసోన్ అను పదార్థము చిలకగోరింటలోను కలదు. కొరియాలో దాని పూలతో గోళ్ళకు రంగు వేసికొందురు. రంగు ఒకటైనను చుట్టరికము లేదు.

ఊరు మారినచో మొదటి అక్షరము కూడ మారును. కోస్తా జిల్లాల గోంగూర తెలంగాణములో పుంటికూర. గానుగను అనేకచోట్ల కానుగ అందురు. మొక్క మారలేదు, నిఘంటువులో దాని చోటు మాత్రమే మారినది. శాస్త్రీయనామము అవసరమగుట ఇందుకే.

తరగతిలో చేయదగిన పని

విద్యార్థులు తమ ఊరిలో ఒక అక్షరముతో మొదలగు పది మొక్కల పేర్లు వ్రాసి, ప్రతిదానినుండి పూవుతోను, సాధ్యమైనచో కాయతోను ఒక కొమ్మను సేకరింపవచ్చును. పాలు కారు మొక్కలను, గన్నేరులను, గురివిందను ఉపాధ్యాయుని ఎదుటనే తాకవలెను. దేనిని నోట పెట్టరాదు. పని ముగిసిన పిదప చేతులు కడుగుకొనవలెను. తరువాత పేర్లను ప్రక్కన పెట్టి, పూలను మాత్రమే చూచి జట్లుగా విడదీయవలెను. అక్షరముచే ఏర్పడిన పట్టిక ఒకటి, పువ్వుచే ఏర్పడిన పట్టిక ఒకటి గోడపై ప్రక్కప్రక్కల అంటించినచో పాఠము దానంతట అదే బోధపడును.

ఎవరైన తెలియక ఏ కాయనో గింజనో నమిలినప్పుడు ఈ పాఠము మరింత అక్కరకు వచ్చును. రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చుచు, ఆ మొక్క కొమ్మను పూవుతో, కాయతో కూడ కొనిపోవలెను. గన్నేరు అని చెప్పినచో ఏ గన్నేరో వైద్యునికి తెలియదు. కొమ్మను చూపినచో గుర్తించుట సులభమగును.