చెట్టు వైద్యుడు

మనుష్యుని చేతికి గాయము తగిలినచో కొన్ని దినములకు అది మానిపోవును. పాత చర్మము రాలి క్రొత్త చర్మము వచ్చును. చెట్టునకు తగిలిన గాయము అట్లు మానదు. గొడ్డలిదెబ్బ తిన్న కలప మరల ఎన్నటికిని క్రొత్త కలప కాజాలదు. చెట్టు చేయగలిగినది ఒక్కటే. చెడిన భాగమునకు లోపలనే అడ్డుగోడ కట్టి దానిని వేరుచేయును. పైని క్రొత్త పొరలను పెంచి మూసివేయును. నూరేండ్ల క్రిందటి గాయము సైతము చెట్టు కడుపులో అట్లే దాగియుండును. ఈ రహస్యము నెరిగి, రంపమును ఎచ్చట పెట్టవలయునో, ఎచ్చట పెట్టరాదో తెలిసికొని, చెట్టెక్కి పనిచేయువాడే చెట్టు వైద్యుడు. ఆంగ్లేయులు ఇతనిని 'ట్రీ సర్జన్' అందురు. వృక్షములకు శస్త్రచికిత్స చేయువాడని దాని యర్థము.

ఈ భావము మన దేశమునకు క్రొత్తది కాదు. క్రీ. శ. 6వ శతాబ్దమునందలి వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమునే కేటాయించెను. తెగులు సోకిన భాగమును ముందుగా శస్త్రముతో శుభ్రపరచి, పిమ్మట వాయువిడంగములు, నేయి, బురద కలిపి పూయవలయుననియు, పాలు కలిపిన నీరు పోయవలయుననియు అందు చెప్పబడినది. పూత సంగతి ఎట్లున్నను, ముందు శస్త్రము, తరువాత ఔషధము అను క్రమము గమనింపదగినది.

నేటి కాలమున దీనిని ఒక వృత్తిగా తీర్చినవారిలో జాన్ డేవీ ముఖ్యుడు. ఆయన 1846లో ఇంగ్లండులోని సోమర్సెట్ సీమలో జన్మించెను. యౌవనము వచ్చువరకు ఆయనకు చదువను వ్రాయను రాదు. 1873లో అమెరికాకు వలసపోయి, ఒహాయో రాష్ట్రములోని కెంట్ పట్టణమున స్థిరపడి, అచ్చటి శ్మశానవాటికలోని చెట్లను బాగుచేయుచు పేరు పొందెను. 1901లో 'చెట్టు వైద్యుడు' అను నర్థము గల పేరుతో ఆంగ్లమున గ్రంథము ప్రకటించెను. 1909లో తన సంస్థను చట్టరీత్యా నమోదు చేయించెను. ఆ దినములలో చెట్టు తొఱ్ఱలను గీకి, లోపల సిమెంటు నింపుట గొప్ప చికిత్సగా ఎంచబడెడిది. పుచ్చిన పంటిలో వైద్యుడు మందు నింపునట్లే యని అందరును తలచిరి. కాని పన్ను గాలికి ఊగదు, చెట్టు ఊగును, సిమెంటు ఊగదు. గీకుటవలన చెట్టు లోపల కట్టుకొనిన గోడయును చెడుచుండెను. ఆ పద్ధతిని తరువాతివారు విడిచిపెట్టిరి.

విడిచిపెట్టుటకు ముఖ్యకారకుడు అమెరికా అటవీశాఖకు చెందిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు. వేలకొలది చెట్లను ఆయన నిలువున కోయించి, లోపలి గాయముల చరిత్రను పరిశీలించెను. చెట్టు తన గాయమును నాలుగువైపుల గోడలతో బంధించునను సిద్ధాంతమును 1977లో ప్రకటించెను. కొమ్మ మొదట, మానుతో కలియు చోట, ఉబ్బెత్తుగ ఒక మెడపట్టె వంటి భాగము ఉండును. దానిని కోయక, దానికి కొంచెము వెలుపల కోసినచో చెట్టు గాయమును త్వరగా మూసికొనును. మానునకు ఆనించి నున్నగ కోసినచో మెడపట్టె పోయి కుళ్లు లోనికి ప్రాకును. కోసిన చోట తారు పూయుటవలన కుళ్లు ఆగదని కూడ ఆయన నిరూపించెను. మన ఊళ్లలో నేటికిని తారు పూయువారు కలరు.

బరువైన కొమ్మను కోయుటలో ఇంకొక సూక్ష్మము కలదు. పైనుండి ఒక్క కోతలో కోయబోయినచో సగము తెగునప్పటికే కొమ్మ వ్రాలి, మాను బెరడును జాన పొడవున చీల్చుకొనిపోవును. కావున మొదలునకు మూర దూరమున క్రిందినుండి కొంత గాటు పెట్టి, దానికి కొంచెము ఆవల పైనుండి కోసి బరువు దించి, మిగిలిన మోడును మెడపట్టె ప్రక్కన మూడవ కోతతో తీసివేయుదురు.

ఇంగ్లండులో ఈ వృత్తి చేయు సంస్థలలో పెక్కు చిన్నవి. ముగ్గురు మనుష్యులు, ఒక చిన్న లారీ, కొమ్మలను నమలి పొట్టుచేయు యంత్రము, మూడు నాలుగు మోటారు రంపములు, త్రాళ్లు: ఇదియే వారి యాస్తి. యజమానియే తరచుగా చెట్టెక్కువాడుగ నుండును. పగలు చెట్టుపైన, రాత్రి లెక్కల పుస్తకము ముందర అతని కాలము గడచును.

అతని మొదటి చిక్కు ధర చెప్పుట. ఇంటివాడు చెట్టును మాత్రమే చూచును. వైద్యుడు చెట్టు క్రింద నున్నదానిని చూచును. క్రింద పచ్చిక మైదానమున్నచో కోసిన కొమ్మను విడిచిపెట్టవచ్చును, పూట పని. క్రింద అద్దముల గది, పొరుగువాని గోడ ఉన్నచో ప్రతి కొమ్మను త్రాటితో కట్టి మెల్లగ దింపవలయును. అది రెండు దినముల పని. యంత్రము లోనికి పోవుటకు దారి లేనిచో కొమ్మలన్నియు సందులోనుండి మోసికొని పోవలయును. మార్కెట్టులో గృహిణి కుండను వ్రేలితో కొట్టి విని కొనునట్లు, ఇతడు కొయ్య సుత్తితో మానును కొట్టి చప్పుడు వినును. డొల్లధ్వని వచ్చినను, మొదట పుట్టగొడుగులు కనబడినను, ఆ చెట్టెక్కుటకు ముందు రెండుమారులు ఆలోచించును. ఇవన్నియు చూచి చెప్పిన ధర ఎక్కువయైనచో పని మరియొకనికి పోవును, తక్కువయైనచో చేతిసొమ్ము పోవును. భీమా కట్టక, రక్షణ సాధనములు కొనక, సగము ధరకే చేసెదనను వాడు ఊరికొకడైనను ఉండును. పెనుగాలి వీచిన నాడు పని సాగదు. అయినను కూలి ఇయ్యవలసినదే.

రెండవ చిక్కు మరింత కఠినమైనది. ఇంటివాడు పిలిచి, "చెట్టు తల నరికి సగము ఎత్తు చేయుడు" అనును. తల నరికిన చెట్టు గతి యేమి? ఆకులే చెట్టునకు వంటయిల్లు. అవి ఒక్కమారుగ పోయినచో చెట్టు నిలువచేసికొనిన ఆహారమునంతయు ఖర్చుపెట్టి, కోసిన చోటులనుండి గుత్తులు గుత్తులుగ క్రొత్త చిగుళ్లు తొడుగును. ఇంటివాడు చూచి సంతోషించును. కాని ఆ కొమ్మలకు మానులో పాదు లేదు. కోసిన చోట్ల కుళ్లు దిగుచుండును. కొన్ని యేండ్లకు చెట్టు మునుపటి యెత్తునకే పెరుగును, మునుపటి బలము మాత్రముండదు. గాలికి విరిగి అదే ఇంటిపై పడును. మంచి వైద్యుడు ఎండుకొమ్మలను తీసి, దట్టమైనచోట పలుచన చేసి, పొడవైన కొమ్మను దాని ప్రక్క కొమ్మవరకు తగ్గించి, చెట్టు ఆకారము చెడకుండ పని ముగించును. "అట్లయిన వద్దు, వీధి చివరివాడు మీకంటె తక్కువకే తల నరికెదనన్నాడు" అని ఇంటివాడనును. ఈ మాటకు ఎదురు నిలిచి ఆ దినపు సంపాదన పోగొట్టుకొనువారు కలరు, నిలువలేనివారును కలరు. లారీ అప్పు కట్టవలసిన వారమున ఎదురు నిలుచుట సులభమని చెప్పుటకు వీలులేదు.

చట్టము సంగతియు అతడు తెలిసియుండవలయును. ఆ దేశమున స్థానికపాలకులు ఒక చెట్టును రక్షితవృక్షముగ ప్రకటించినచో, సొంత పెరటిలో నున్నదైనను, అనుమతి లేక కొమ్మ కోయరాదు. కొన్ని పాత పేటలలో పని మొదలిడుటకు ఆరు వారములు ముందుగ తెలుపవలయును. 1981 నాటి చట్టము ననుసరించి పక్షి కట్టుచున్న గూటినిగాని, కాపురమున్న గూటినిగాని చెడగొట్టుట నేరము. గుడ్లున్న గూడు కనబడినచో పిల్లలు ఎగిరిపోవువరకు త్రాళ్లు చుట్టుకొని వెడలిపోవలసినదే. ఇక ఇరుగుపొరుగుల తగవు సరేసరి. పొరుగువాని చెట్టుకొమ్మ తన పెరటిలోనికి వచ్చినచో సరిహద్దువరకు కోసికొనుటకు హక్కు కలదు. కాని కోసిన కొమ్మయు, దాని పండ్లును చెట్టు యజమానివే. అట్లు వచ్చిన కొమ్మలనుండి ఆపిల్ పండ్లు కోసి అమ్ముకొనిన యొకడు 1919లో న్యాయస్థానమున ఓడిపోయెను. మామిడికొమ్మ గోడ దాటిన చోట మన పల్లెలలోను ఈ తగవు ఎరుగనివారు లేరు.

అన్నిటికంటె పెద్దది ప్రాణభయము. బరువు కట్టిన సన్నని దారమును ఎత్తైన పంగలోనికి విసరి, దాని వెంట లావు త్రాటిని లాగి, నడుమునకు పట్టెడ బిగించి వైద్యుడు పైకి పోవును. చేతిలో మోటారు రంపము. అది ఒక్క క్షణములో కొమ్మను కోయును. తనను మోయుచున్న త్రాటిని సైతము అంత త్వరగను కోయును. కావున కోయునప్పుడు త్రాడు గాక రెండవ కట్టు కూడ ఉండవలయునని నియమము. ఎక్కు సాధనములను ఆరు మాసముల కొకమారు తగినవానిచే పరీక్ష చేయింపవలయును. ఒంటరిగ చెట్టెక్కరాదు. పైనున్నవాడు గాయపడినచో వెంటనే ఎక్కి అతనిని దింపగల నేర్పరి, అందుకు వలసిన రెండవ సరంజామాతో క్రింద నుండితీరవలయును. నాలుగు రూకలు మిగుల్చుకొనుటకు ఈ రెండవ మనుష్యుని మానుకొను యజమాని తన పనివానిని చెట్టుపైన విడిచివచ్చినవానితో సమానుడు.

2012లో ఇంగ్లండులో 'యాష్' వృక్షములకు ఒక శిలీంధ్రపు తెగులు కనబడి, తరువాత దేశమంతట వ్యాపించెను. ఆ తెగులు తిన్న చెట్టు కొమ్మలు పెళుసై, కాలు మోపినంతనే విరుగును. అందువలన వానిని ఎక్కక, యంత్రపు బుట్టలో నిలిచి కోయుచున్నారు. ఆ యంత్రమునకు అద్దె కట్టుట చిన్న సంస్థకు క్రొత్త భారము. కోసిన కలపయు తేలికగ సొమ్ము కాదు. పచ్చి కట్టెల పొగ హానికరమని 2021 మొదలు అచ్చట తేమ కట్టెలను చిన్న మొత్తములలో అమ్ముట నిషేధింపబడినది. ఎండబెట్టి అమ్మవలయును, ఎండబెట్టుటకు స్థలము కావలయును. పొట్టును తోటలవారు పాదులకు కప్పుటకై తీసికొనిపోవుదురు.

చెట్టు రోగము ఎల్లప్పుడును పైననే యుండదు. లండనులోని క్యూ ఉద్యానమునందు 1798లో నాటిన టర్నర్ సిందూరవృక్షము క్షీణించుచుండెను. 1987 అక్టోబరు 16వ తేదీ పెనుగాలి దానిని వేళ్లతో సహా పైకెత్తి, మరల ఆ గోతిలోనే నిలబెట్టెను. ఆ రాత్రి దక్షిణ ఇంగ్లండున సుమారు 1.5 కోట్ల చెట్లు కూలినవి. పనివారు ఈ చెట్టునకు ఊతలు పెట్టి, కూలినవాని పనిలో మునిగిపోయిరి. మూడేండ్ల తరువాత చూడగా అది నవనవలాడుచుండెను! ఏండ్లకొలది సందర్శకుల పాదములక్రింద గట్టిపడిన నేల ఆ కుదుపుతో వదులై, వేళ్లకు గాలియు నీరును అందుటయే కారణమని గ్రహించిరి. అప్పటినుండి చెట్ల మొదళ్లలోనికి గాలిని ఎక్కించి నేలను గుల్లచేయు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. మన పట్టణములలో వీధిచెట్టు మొదటివరకు సిమెంటు పోయుట చూచుచునే యున్నాము.

తెలుగునాట చెట్టెక్కు నేర్పునకు కొదువలేదు. తాటిచెట్టు నెక్కు గీతపనివాడు మోకును తనకును చెట్టునకును చుట్టుకొని క్షణములో మొవ్వు చేరును. మోకు జారి ప్రాణములు గోల్పోయినవారెందరో! 2024లో తెలంగాణ ప్రభుత్వము వారికి 'కాటమయ్య రక్షణ కవచము' అను పేరున రక్షణ సాధనములను పంచుట ప్రారంభించెను. ఇట్టి నేర్పు గలవారికి కొమ్మల చికిత్స నేర్పినచో పని కరవుండదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు చెట్లు వీధులకు అడ్డముగ పడియుండగా, రంపము పట్టగలవాని విలువ పట్టణమంతటికిని తెలిసినది. చట్టమును మనకు లేకపోలేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి చెట్టు కొట్టుటకు అనుమతి పొందవలయును. మినహాయింపు గల జాతులు కొన్ని కలవు.

మఱ్ఱిచెట్టు చికిత్సలో మన దేశము చూపిన ధైర్యము గొప్పది. కలకత్తా సమీపమున శిబపురములోని మహావటవృక్షము 1864, 1867 సంవత్సరముల తుపానులలో గాయపడి, మూలకాండము శిలీంధ్రముచే కుళ్లగా, 1925లో ఆ కాండమునే కోసి తీసివేసిరి. చెట్టు ఊడలపై నిలిచి నేటికిని విస్తరించుచున్నది. మహబూబునగరము చెంత ఏడువందల యేండ్ల దని చెప్పబడు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టి, 2017 చివర ఒక కొమ్మ విరిగిపడెను. సందర్శకులను నిలిపివేసి, అధికారులు చికిత్సకు పూనుకొనిరి. మొదట మానునకు రంధ్రములు చేసి చెదలమందు పోసిరి. మందు వెలికి కారిపోయెను. అంతట 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైను ఎక్కించునట్లు, నీట కలిపిన మందును సీసాలలో పోసి కొమ్మలకు వ్రేలాడగట్టి, గొట్టముల ద్వారా బొట్టుబొట్టుగ ఎక్కించిరి. వందలకొలది సీసాలు వ్రేలాడిన ఆ చెట్టు చిత్రము దేశదేశముల పత్రికలలో వచ్చినది. వేళ్లకు పలుచని మందునీరు పోసి, వ్రాలుచున్న బరువు కొమ్మల క్రింద సిమెంటు ఊతలు నిలిపిరి.