కటింగు బల్ల కింద ఖాళీ చోటు

పెళ్లిబట్టలు కుట్టేవారి ఇల్లు ఎప్పుడూ కళకళలాడుతుందని చాలామంది అనుకుంటారు. విజయవాడలో మేమిద్దరం దుకాణం పెట్టి ఇరవై ఏళ్లు కావస్తోంది. మాలో ఒకరు డిజైన్లు గీస్తే, మరొకరు కటింగు చేస్తారు. పెళ్లికూతుళ్ల తెల్లచీరలు, పసిబిడ్డల బాప్తిస్మపు గౌన్లు మా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. కాని 2005లో పెళ్లయిన మా ఇంట్లో మాత్రం పద్దెనిమిదేళ్ల పాటు ఉయ్యాల ఊగలేదు. అలా ఎదురుచూసే దంపతులు మన పాఠకులలో కూడా ఉంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

మా పనికి ప్రాణం నరసాపురం లేసు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దంపతులు గోదావరి డెల్టా స్త్రీలకు నేర్పిన అల్లిక అది. కొక్కెం ఉన్న చిన్న సూది, నూలుదారం ఉంటే చాలు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఆడవారు వంట, పిల్లల పనుల మధ్యనే దాన్ని అల్లుతారు. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో వారి గురించి ఒక పుస్తకం ప్రచురించారు. ఎగుమతి అయ్యే సరుకును అల్లుతున్నా, దాన్ని ఇల్లాలి తీరిక పనిగా చూసి కూలి తక్కువ ఇస్తున్నారని అందులో చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆడవారు ఖాళీగా ఉన్నారని లోకం అనుకున్న గంటల్లోనే అంత పనీ జరిగింది. ఈ మాట మా జీవితానికి కూడా వర్తిస్తుందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏడాది కాపురం తర్వాత కూడా గర్భం రాకపోతే భార్యాభర్తలు ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలని వైద్యులు చెబుతారు. లోపం ఎవరిలోనైనా ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. కాని మా బంధువులు ప్రశ్న అడిగింది ఒక్కరినే. "ఏమ్మా, ఇంకా విశేషం ఏమీ లేదా?" అని. అయిదేళ్లు మందులు వాడాము, ఆ తర్వాత మానేశాము.

2009 వానాకాలంలో ఒక కుక్కపిల్ల తడిసి మా దుకాణం మెట్ల మీదికి చేరింది. జాతికుక్క కాదు, వీధికుక్కే. మొదటి రోజే మిషను బాబిన్ నోట కరుచుకుని పారిపోయింది. ఆ పేరే దానికి స్థిరపడింది. కటింగు బల్ల కింద గుడ్డముక్కల మీద పడుకునేది. దారం, సూది దాని నోట పడకుండా గుండుసూదులన్నీ మూత ఉన్న డబ్బాలో పెట్టడం మాకు అలవాటైంది. వేళకు అన్నం పెట్టడం, ఏటా టీకా వేయించడం, రాత్రి మూలిగితే లేవడం నేర్చుకున్నాము. "పిల్లలు లేరు కదా, కుక్కను ముద్దు చేస్తున్నారు" అని కొందరు నవ్వారు. మేము దాన్ని బిడ్డ అనుకోలేదు. బాబిన్ బాబిన్‌గానే మాకు ప్రియమైంది.

2019లో దత్తతకు దరఖాస్తు పెట్టాము. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. అందుచేత చాలాకాలం మనవారు 1890 నాటి చట్టం కింద బిడ్డకు సంరక్షకులు కాగలిగారేగాని చట్టరీత్యా తల్లిదండ్రులు కాలేకపోయారు. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, దానికి 2006లో జరిగిన సవరణ ఆ అవకాశం కల్పించాయి. ఏ మతంవారైనా ఈ దారిన దత్తత తీసుకోవచ్చునని 2014లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇప్పుడు 2015 నాటి చట్టం అమలులో ఉంది. ఇంటి పరిస్థితులు చూడడానికి వచ్చిన సోషల్ వర్కరు బాబిన్ తల నిమిరి, "మంచి ఇల్లు" అన్నారు. ఆ తర్వాత మా వంతు కోసం ఎదురుచూడటమే మిగిలింది.

2021లో బాబిన్ నీళ్లు విపరీతంగా తాగసాగింది, చిక్కిపోయింది. మూత్రపిండాలు పాడైపోయాయని, పాడైన భాగం మళ్లీ బాగుపడదని పశువైద్యులు చెప్పారు. ఆగస్టులో ఒక సాయంత్రం బల్ల కిందే కన్నుమూసింది. మర్నాడు ఉదయానికి ఒక పసిబిడ్డ గౌను ఇవ్వాలి. పాతిపెట్టి వచ్చి, చేతులు కడుక్కుని, మాట్లాడకుండా ఇద్దరం కూర్చుని దానికి లేసు కుట్టాము. ఒక బంధువు మాత్రం, "పోనీలెండి, పీడ విరగడైంది. ఇక పిల్లలు కలుగుతారు" అన్నారు. ఆ మాట చెడ్డ మనసుతో అన్నది కాదు. అయినా నెలల తరబడి మమ్మల్ని బాధించింది. దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పు మాట దొరకకపోతే పక్కన ఊరకే కూర్చున్నా చాలునని ఆనాడు తెలిసింది.

2023 ఫిబ్రవరిలో ఒక బిడ్డ వివరాలు వచ్చాయి. సమ్మతి తెలపడానికి గడువు 48 గంటలు. మాకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పద్నాలుగు నెలల పాప. ఎందరి పిల్లలకో కొలత తీసుకున్న మేము ఆ రాత్రి ఫొటో చూసి ఊహతో ఒక గౌను కుట్టాము. తీరా వేసి చూస్తే భుజాల దగ్గర వదులు, పొడవు మోకాళ్ల పైకి! అక్కడే ఇద్దరం నవ్వుతూ ఏడ్చాము. తర్వాత కలెక్టరుగారి ఉత్తర్వు అందింది. 2022 నుండి దత్తత ఉత్తర్వులు కోర్టుకు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు.

పాప రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచేది. మేము చప్పున లేచేవాళ్లం. ఎవరో ముందే నేర్పినట్టు గుండుసూదుల డబ్బాకు మూత ఎప్పుడూ ఉండేది. ఆ ఓపిక పదకొండేళ్లపాటు ఎక్కడ అలవాటైందో మాకు తెలుసు. ఖాళీ అనుకున్న సంవత్సరాలు ఖాళీవి కావు.

ఎదురుచూస్తున్న దంపతులారా, ఒక్క మాట. దత్తత ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దరఖాస్తు నాటికి ఇద్దరి వయసులు కలిపి 85 దాటకూడదు. పెళ్లయి కనీసం రెండేళ్లు నిండి ఉండాలి. మధ్యవర్తులకు డబ్బు ఇవ్వకుండా, కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ 'కారా' ద్వారానే వెళ్లండి. బిడ్డ వచ్చేదాకా మీ చేతిలో ఉన్న పనిని, మీ గడపలో ఉన్న ప్రాణిని ప్రేమించండి. ఆ ప్రేమ వృథా పోదు.

ఇప్పుడు బల్ల కింద గుడ్డముక్కలతో మా పాప ఆడుకుంటోంది. గోడ మీది ఫొటో చూపించి "ఎవరు?" అని అడుగుతుంది. "నీకన్నా ముందు ఇక్కడ పడుకున్నవాడు" అని చెబుతాము.