పాత కారు బేరము - వీడియో సాక్ష్యము

ఆదిలాబాదులో ఒక ఉపాధ్యాయుడు పాత కారు కొనదలచినాడనుకొందము. అచటినుండి హైదరాబాదు సుమారు 300 కిలోమీటర్లు. పూర్వమైనచో ఆయన పత్రికలో రెండు మూడు పంక్తుల ప్రకటన చూచి, సెలవు పెట్టి, తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకొని, ఇద్దరి ఖర్చులును భరించి నగరమునకు వచ్చెడివాడు. తీరా చూడగా తలుపుల అడుగున తుప్పు. బానెట్టు రంగొకటి, తలుపు రంగొకటి. తిరుగు బస్సెక్కెడివాడు. ఇట్టి ప్రయాణములు మూడైన పిమ్మట విసిగి, నాలుగవసారి కంటబడిన బండినే మంచిచెడ్డలు విచారింపక కొని తెచ్చుకొనెడివాడు. నేడు ఆయనయే ఇంట కూర్చుండి చేతిఫోనులో పది బండ్లు చూచి, ఎనిమిదింటిని త్రోసిపుచ్చి, మిగిలిన రెండింటికొరకే బయలుదేరగలడు. డీలర్లు తమ బండ్లను వీడియో తీసి అంతర్జాలమున పెట్టుటవలన కలిగిన సౌకర్యమిది. అయితే ఆ వీడియో ఎట్టిదైన ఉపకరించును, ఎట్టిదైన కన్నులు కప్పును అను ప్రశ్న యున్నది. దానినే ఇచట విచారింపదలచినాము.

ఈ సాధనమునకు వయస్సు ఎక్కువ లేదు. యూట్యూబు 2005లో పుట్టినది. అందు మొట్టమొదట పెట్టబడిన వీడియో నిడివి 19 సెకన్లు. జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలిచి ఒక యువకుడు చెప్పిన నాలుగు మాటలు మాత్రమే. మన దేశమున 2016లో జియో వచ్చిన పిమ్మట డేటా చవుకయై పల్లెలలోను వీడియో చూచుట నిత్యకృత్యమైనది. 2020 ఏప్రిలులో లాక్‌డౌను కారణమున మారుతీ సుజుకీ వంటి సంస్థయే దేశములో ఒక్క కారునైనను అమ్మజాలకపోయెను. షోరూము తలుపులు మూతబడినపుడు, అంతవరకు వీడియోను వేడుకగా తలచిన వర్తకులకు అది అంగడి గుమ్మమువలె కనబడుటలో వింత లేదు.

కాని అసలు చిక్కు దూరము కాదు, నమ్మకము. జార్జి అకర్లాఫ్ అను అమెరికను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1970లో పాత కార్ల విపణినే ఉదాహరణముగా గొని ఒక వ్యాసము వ్రాసెను. లోపములున్న కారును ఆ దేశమున 'నిమ్మకాయ' అందురు. బండి లోగుట్టు అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. కావున కొనువాడు ఎందుకైనను మంచిదని మధ్యరకపు ధరయే చెప్పును. నిజముగా మంచి బండి గలవానికి ఆ ధర గిట్టదు. అతడు బేరమునుండి తప్పుకొనును. క్రమముగా విపణిలో నాసిబండ్లే మిగులును. ఇట్టి విచారణకే ఆయన 2001లో మరి ఇద్దరితో కలిసి నోబెలు బహుమానము నందెను. మోసగాడు కొనువానిని మాత్రమే గాక, ప్రక్కవీధిలోని నిజాయితీగల డీలరును గూడ ముంచుచున్నాడని ఇందువలన తేలుచున్నది. అట్టి డీలరునకు తన బండి మంచిదని ఋజువు చేయు దారి కావలెను. మా దృష్టిలో వీడియో ప్రయోజనమంతయు ఇదియే.

తఱచుగా మనకు కనబడు వీడియోలలో ఈ ప్రయోజనము నెరవేరుట లేదు. కడిగి మెరుగుపెట్టిన బండి ఎండలో తళతళలాడుచుండును. చక్రము తిరుగును, దీపము వెలుగును. వెనుక సంగీతము హోరెత్తును. 'సూపర్ కండిషన్, సింగిల్ ఓనర్' అని ఒక యువకుడు కేకవేయును. శబ్దమే జీవనాధారముగా గల రేడియోవారమగుటచే కాబోలు, ఆ సంగీతము మాకు మిక్కిలి కష్టము తోచును. కొనువాడు వినగోరునది ఇంజను చప్పుడు; దాని నోరే నొక్కివేసినారు!

మంచి వీడియో ఎట్లుండును? మొట్టమొదట నంబరుప్లేటు, తేదీ, ధర. ధర చెప్పకున్న ఫోను మ్రోగునని కొందరి యుక్తి. మ్రోగిన ఫోనులలో సగము వ్యర్థమని వారే కొంతకాలమునకు తెలిసికొందురు. తరువాత కెమెరా నడుమ ఎచటను తెగకుండ, బండిచుట్టు ఒక్క ప్రదక్షిణము చేయవలెను. తెగినచోట ఏమి దాగినదో అను శంక తెగదు. చల్లబడియున్న ఇంజనును, బానెట్టుపై చేయి యుంచి చూపిన పిమ్మట, స్టార్టు చేయవలెను. ముందే వేడిచేసిన ఇంజను తన రోగమును దాచుకొనును. సైలెన్సరు వెనుక కొంతసేపు నిలువవలెను: నీలిపొగ వచ్చిన ఇంజను ఆయిలు మండుచున్నదని, నల్లపొగ వచ్చిన ఇంధనము సరిగా మండుట లేదని మెకానిక్కులెల్లరు ఎరుగుదురు.

టైరు ప్రక్కన అచ్చువేసిన నాలుగంకెలను దగ్గరగా చూపవలెను. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. ఈ చిన్న గుర్తు పెద్ద గుట్టును బయటపెట్టగలదు. 2021లో రిజిస్టరైన బండి మీటరుపై 18,000 కిలోమీటర్లే చూపుచు, నాలుగు టైర్లును 2024 నాటివైనచో, మొదటి టైర్లు ఏమైనవని అడుగవచ్చును. అట్లే ప్రతి అద్దము మూలను ఉండు గుర్తులు. అన్నియు ఒక తీరుననుండి ఒకటి వేఱైనచో ఆ అద్దము మార్చబడినది.

విజయవాడవారికి మరియొక భయము గలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు కాలనీలలో నిలిపిన కార్లు రోజుల తరబడి నీట నానినవి. అట్టి బండికి క్రొత్త సీటుకవర్లు తొడిగినచో పైచూపునకు ఏమియు తెలియదు. సీటుబెల్టును చివరివరకు లాగి చూపవలెను. బురదమరక అచట నిలిచియుండును. డిక్కీలో స్టెప్నీ తీసి, దాని క్రింది గుంటను చూపవలెను. డీలరు తానే ఈ రెండును చూపినచో, చూచువాని గుండె సగము కుదుటపడును.

ఇక సొట్టలు, గీతలు. వీనిని చూపుటకు వర్తకుడు జంకును. జంకవలసిన పని లేదు. గీత ప్రక్కన రూపాయి బిళ్ల నుంచి, ఇంతపాటిదని చూపవలెను. దానిని ముందే చూచి వచ్చినవాడు దానిని వ్రేలితో చూపి మరల ధర తగ్గింపుమని అడుగలేడు. దానికి సమ్మతింపనివాడు అసలు రానే రాడు. ఇరువురకును ఒక దినము మిగులును.

అమ్ముడైన బండి వీడియోను వెంటనే తీసివేయవలెను; లేదా అమ్ముడైనదని వ్రాయవలెను. చవుక బండిని ఎరగా చూపి, వచ్చినవానికి 'అది నిన్ననే పోయినదండీ, ఇది చూడండి' అని వేఱొకటి అంటగట్టుట కొందరికి అలవాటు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద 2022లో వెలువడిన మార్గదర్శకములలో ఇట్టి ఎర ప్రకటనల ప్రస్తావన ప్రత్యేకముగా గలదు. తప్పుదారి పట్టించు ప్రకటనకు తొలిసారి 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. వీడియో కూడ ప్రకటనయే.

వీడియోకు అందని సంగతులును గలవు. ఫైనాన్సు బాకీ తీరినదా, చలానాలు మిగిలినవా, సి-బుక్కులోని పేరెవరిది - ఇవి కాగితములు చెప్పవలసినవి. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వము చేసిన సవరణల ప్రకారము 2023 ఏప్రిలు 1వ తేదీనుండి పాతవాహనముల డీలర్లు రవాణాశాఖవారి అధికారపత్రము పొందవలెను. ఆ పత్రమును వీడియోలో ఒక్క క్షణము చూపుటకు డీలరునకు ఖర్చేమియు లేదు. చూపువారు మాత్రము మాకు అరుదుగా కనబడినారు.

మన ఉపాధ్యాయుడు రెండు బండ్లను ఏరుకొన్నాడు గదా. బయలుదేరుటకు ముందు ఆయన డీలరునకు వాట్సాపులో వీడియోకాలు చేసి, తనకు సందేహము కలిగిన చోట్లను మరల చూపుమనవచ్చును. మొదటి వీడియోను తన ఫోనులోనికి దించుకొని దాచుకొనవలెను. బేరము ముగిసిన పిమ్మట అది అంతర్జాలమున ఉండకపోవచ్చును. మెకానిక్కును వెంట తీసికొనిపోవుట మానరాదు. పగటివెలుగులోనే చూచి, బండిమీది ఛాసిస్ నంబరును సి-బుక్కులోని నంబరుతో అంకె అంకెయు సరిచూచుకొనిన పిమ్మటనే బయానా ఇయ్యవలెను.