షెడ్యూలుకు కూడా డబ్బా?

రాజగోపురం పనికి షెడ్యూలు వేసే నిపుణుడికి విడిగా ఫీజు ఎందుకని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే, అది హుండీ సొమ్ము.

మనకు ముహూర్తం ముందే ఖాయమవుతుంది. పనులన్నీ అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. ఫ్లషింగ్ గణపతి ఆలయ కుంభాభిషేకం 1977 జులై 4న జరిగింది. ఆ రోజు దేశమంతా సెలవు. అలాంటి తేదీ చేజారితే మళ్లీ దొరకడం కష్టం.

ఏ పని ఒక్కరోజు ఆగితే మొత్తం ఆగుతుందో చూపేదే క్రిటికల్ పాత్. 1957లో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల వాళ్లు దీన్ని రూపొందించారు. మన వరుస ఇది: పర్మిట్, పునాది, కాంక్రీటు, తనిఖీ, ఆ తర్వాతే శిల్పులు. కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28 రోజులకు లెక్కిస్తారు. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చలి పెరిగితే అది గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది. పునాది చలికాలంలోకి జారితే టెంట్లు, హీటర్ల అద్దె మనమే కట్టాలి. ఈలోగా శిల్పులు వచ్చి ఖాళీగా కూర్చుంటే వారి బస, భోజనం ఖర్చు ఆగదు, వీసా గడువూ ఆగదు.

చార్టు ఒకసారి గీయడం తేలికే. ప్రతి నెలా సైటుకు వెళ్లి, జరిగింది చూసి దిద్దడమే అసలు శ్రమ. దిద్దని షెడ్యూలుతో పని నడపడం నిరుటి పంచాంగంతో ముహూర్తం పెట్టడమే. మొదట కమిటీ వాళ్లమే చేద్దామనుకున్నాం. రెండు నెలలకే వెనకబడ్డాం.

ఇకపై నెలనెలా దిద్దిన ప్రతి ఆఫీసు బోర్డు మీద ఉంటుంది. చూసి, అనుమానాలుంటే అడగండి.