ఇద్దరికి ఒక టేబుల్: శివారు సాయంత్రాలకు చోటు వెతుక్కోవడం

హైదరాబాదు శివార్లలో ఏ రోడ్డు పట్టుకుని వెళ్లినా భోజనశాలల బోర్డుల మీద పదే పదే ఎదురయ్యే మాట ‘ఫ్యామిలీ’. ఫ్యామిలీ రెస్టారెంట్, ఫ్యామిలీ ధాబా, మొదటి అంతస్తులో ఏసీ ఫ్యామిలీ సెక్షన్ అంటూ కనిపించే ఈ మాటకు కుటుంబం అన్నదే అర్థమైనా, బోర్డు మీద అది చేసే పని వేరు. ఇక్కడికి ఆడవాళ్లు నిస్సంకోచంగా రావచ్చని, తాగడానికి వచ్చే మగవాళ్ల గుంపులకు వేరే హాలు ఉందని అది ఇచ్చే పూచీ. ఆ మాట లేకుండా ‘బార్ అండ్ రెస్టారెంట్’ అని మాత్రమే రాసి ఉన్న చోట కింది హాలు చాలావరకు మగవాళ్లతోనే నిండి ఉంటుంది. అక్కడికి ఒక స్త్రీ వస్తే సర్వర్ మెనూ తేవడానికి ముందే మెట్లవైపు చేయి చూపిస్తాడు. పిల్లాపాపలతో వచ్చే సంసారులకూ, ఆఫీసు అయ్యాక వచ్చే స్నేహబృందాలకూ పనికొచ్చే ఈ ఏర్పాటులో, ఇద్దరే ఇద్దరు వచ్చి రెండు గంటలు మాట్లాడుకోవాలనుకుంటే వారి చోటు ఏదన్నది బోర్డు చెప్పదు. శివార్లలో డేట్‌కు చోటు ఎంచుకోవడంలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

డేట్ అన్న మాటను ఈ వ్యాసంలో కాస్త విశాలంగానే తీసుకోవాలి. ఒకరినొకరు ఇష్టపడి, లేదా ఇష్టపడతామో లేదో తేల్చుకోవడానికి, ఇద్దరు ముందుగా అనుకుని కలుసుకునే సాయంత్రం అది. పెళ్లిచూపులు అమ్మాయివారి ముందుగదిలో, స్వీటూ హాటూ పెట్టిన ప్లేట్ల సాక్షిగా జరిగే పద్ధతి ఇంకా పోలేదు గాని, పెద్దలు ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాక అబ్బాయీ అమ్మాయీ ఒక కాఫీ షాపులో విడిగా కలుసుకోవడం ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఎవరినీ ఆశ్చర్యపరచదు. పిల్లలను అమ్మమ్మ దగ్గర వదిలి నెలకో రెండు నెలలకో బయటికి వచ్చే భార్యాభర్తలదీ డేటే. నిజానికి మంచి చోటు అవసరం వీరికే ఎక్కువ. ఇంట్లో మాట్లాడుకోవడానికి వీలుపడని సంగతులన్నీ ఆ రెండు గంటల్లోనే తెమలాలి.

శివారే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు కొంత దూరంలోనూ కొంత స్థలంలోనూ ఉంది. మియాపూర్, కొంపల్లి, ఎల్బీ నగర్, శంషాబాద్ వైపు ఇళ్లు కొనుక్కున్నవారు బంజారాహిల్స్ దాకా వెళ్లి రావాలంటే సాయంత్రంలో సగం ట్రాఫిక్‌కే సరిపోతుంది. పైగా మధ్య నగరంలో పార్కింగ్‌కే చోటు చాలని భోజనశాల, బయటి రోడ్ల మీద ఆవరణ, చెట్లు, విడివిడి పందిళ్లతో కనిపిస్తుంది. మూడో కారణాన్ని చాలామంది పైకి చెప్పరు: తెలిసినవారి కంటపడకుండా ఉండటం. సొంత కాలనీ సందు చివరి హోటల్లో పక్క టేబుల్ దగ్గర మేనమామ కూర్చుని ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఈ ఏకాంతం కోసం హైదరాబాదు పాతకాలం నుంచే తన పరిష్కారాలు తాను కనిపెట్టుకుంది. ఇరానీ హోటళ్లలో చెక్క అడ్డలు, తెరలతో ఒక మూలన ఉండే ఫ్యామిలీ క్యాబిన్లు అటువంటివే. నేటి శివార్లలో వాటికి వారసత్వంగా వచ్చినవి మండీ హోటళ్లు. మండీ అంటే మసాలా తక్కువగా, మాంసం ఉడికిన నీటిలోనే బియ్యాన్ని వండి, పైన మాంసం ముక్కలు పేర్చి పెద్ద పళ్లెంలో వడ్డించే యెమెన్ దేశపు వంటకం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల సంతతివారు స్థిరపడిన బార్కస్ నుంచి అది నగరమంతా పాకింది. బార్కస్ అన్న పేరే సైనికుల బ్యారక్స్ నుంచి వచ్చింది. తినే పద్ధతిలోనే దీని విశేషం ఉంది. పరుపులు పరిచిన ఎత్తైన అరుగు మీద బాసింపట్టు వేసుకుని, మధ్యలో ఒకటే పళ్లెం పెట్టుకుని, అందరూ అందులోంచే తింటారు. చాలాచోట్ల ఒక్కో అరుగుకు మూడువైపులా అడ్డగోడలు, నాలుగోవైపు తెర ఉంటాయి. ఇంతటి ఏకాంతం మరెక్కడా దొరకదు కనుక జంటలు మండీవైపు మొగ్గడం సహజమే గాని, అప్పుడే పరిచయమైనవారికి అది మేలైన ఎంపిక అని చెప్పడం కష్టం. ఒకే పళ్లెంలో చేయి పెట్టడానికి ఒక చనువు కావాలి; తెర వెనక కూర్చోవడానికి నమ్మకం కావాలి. ఈ రెండూ కుదిరినవారికి మాత్రం, జీన్స్ ప్యాంటుతో గంటన్నర నేల మీద కూర్చోగల మోకాళ్లు కూడా ఉంటే, ఇద్దరికీ సరిపడే మటన్ మండీ మంచి సాయంత్రమే.

గండిపేట దారి మరో రకం. 1908 నాటి మూసీ వరద తరవాత నగరానికి రక్షణగానూ తాగునీటి కోసమూ తలపెట్టి, 1920లో పూర్తిచేసిన ఉస్మాన్ సాగర్‌కే జనం నోట గండిపేట అని పేరు. ఈ చెరువు, దీని పక్కనున్న హిమాయత్ సాగర్ పరీవాహక ప్రాంతాల్లో నిర్మాణాలపై 1996లో జీవో 111 ఆంక్షలు పెట్టడంతో, నగరం నాలుగువైపులా అపార్ట్‌మెంట్లతో కమ్ముకుంటున్నా ఇటువైపు చాలాకాలం తోటలు, ఖాళీ జాగాలు మిగిలాయి. ఆ దారుల్లో పచ్చిక మీద టేబుళ్లు వేసే భోజనశాలలు అంతగా కనిపించడానికి ఆ ఆంక్షల ఫలితం కూడా కొంత ఉందనుకోవచ్చు. ఆరుబయలు చోట్లకు శీతాకాలం బాగుంటుంది; మే నెలలో చెమట, వానల్లో దోమ, రెండూ మాటను మధ్యలోనే తుంచేస్తాయి.

ఇంతకూ ఒక చోటు మంచిదా కాదా అని తేల్చడంలో జనం ముందుగా చూసేది మెనూ. అది మూడో నాలుగో స్థానంలో ఉండవలసిన సంగతి. మొదటిది శబ్దం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే ఆ చప్పుడు సుమారు 60 డెసిబెళ్లు ఉంటుంది. డెసిబెల్ అంటే శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం, అది పది పెరిగితే చెవికి చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. హాల్లో చప్పుడు 75 దాటిందంటే గొంతు పెంచక తప్పదు. చుట్టూ రొద ఉన్నప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడన్న సంగతిని ఎతియెన్ లోంబార్డ్ అనే ఫ్రెంచి చెవి-ముక్కు-గొంతు వైద్యుడు 1911లో ప్రకటించాడు. అందుకే దాన్ని లోంబార్డ్ ప్రభావం అంటారు. భోజనశాలలో ఇది గొలుసుగా సాగుతుంది: ఒక టేబుల్‌వారు గొంతు పెంచితే పక్కవారు పెంచుతారు, వారిని చూసి ఇంకొకరు, ఈ లోగా పాట వినిపించడం లేదని మేనేజర్ స్పీకర్ పెంచుతాడు. గ్రానైట్ నేల, అద్దాల గోడలు, నున్నటి టేబుళ్లు ఈ శబ్దాన్ని తిప్పికొడతాయి. గుడ్డ పరిచిన కుర్చీలు, దళసరి కర్టెన్లు, తక్కువ ఎత్తు అడ్డలు పీల్చుకుంటాయి. కొత్తగా కట్టిన శివారు రెస్టారెంట్లలో తళతళలాడే గ్రానైట్, గాజు ఎక్కువ కనుక, ఫొటోల్లో అందంగా కనిపించే హాలే చెవికి ఎక్కువ బాధ పెడుతుంది. ఆరుబయట ఈ ఇబ్బంది తక్కువ. పైగా 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 తరవాత ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగకూడదు, ఆ నియమం ఏ తోటలో ఎంతవరకు నడుస్తుందన్నది వేరే సంగతి.

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఒక మామూలు ఏసీ ఫ్యామిలీ హాలును ఊహించుకుంటే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. గోడ మీద టీవీలో క్రికెట్. మధ్యలో నాలుగు టేబుళ్లు కలిపి వేసిన పుట్టినరోజు వేడుక, కేకు కోసేటప్పుడు ఒక్కసారిగా మోగే పాట, దాని వెనక స్నో స్ప్రే. చేతులు కడుక్కునే సింకు ఎదుటి టేబుల్ దగ్గర నిమిషానికొకరు తడి చేతులు విదిలిస్తూ దాటిపోవడం. ఇద్దరే వచ్చినవారికి సర్వర్ చూపించేది తరచుగా ఆ సింకు పక్క టేబులే, ఎందుకంటే నలుగురి టేబుల్‌ను ఇద్దరికి ఇస్తే రెండు కుర్చీల ఆదాయం పోతుంది. అదే హాలు మంగళవారం సాయంత్రం ఏడింటికి సగం ఖాళీగా ఉంటుంది, మూల టేబుల్ అడిగినా దొరుకుతుంది. మంగళవారం మాంసం ముట్టని ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. కార్తీకమాసంలోనూ, అయ్యప్ప దీక్షల రోజుల్లోనూ నాన్‌వెజ్ హోటళ్లలో రద్దీ తగ్గుతుంది. శాంతిగా కూర్చోవాలనుకునేవారికి ఇది మంచి క్యాలెండరే గాని, ఎదుటి మనిషి కూడా అవే వారాలు పాటించేవారేమో ముందే కనుక్కోవడం అవసరం. బిర్యానీ వచ్చాక ‘ఈ రోజు నాకు వారం’ అన్న మాట వినడం కంటే, ముందురోజు ఫోన్లో అడగడం నయం.

మ్యాప్‌లో కనిపించే రేటింగుల విషయంలోనూ ఒక మెలిక ఉంది. శివార్లలోని చాలా హోటళ్లకు కూర్చుని తినేవారికంటే పార్సిల్ తీసుకునేవారే పెద్ద బేరం. బిర్యానీ వేడిగా, లెగ్ పీసుతో సహా ఇంటికి చేరిందని ఇచ్చిన నక్షత్రాలు ఆ హోటల్లోని కుర్చీల గురించి ఏమీ చెప్పవు. కౌంటర్ దగ్గర డెలివరీ కుర్రవాళ్లు పదిమంది నిలబడి ఆర్డరు నంబర్లు అరిచే చోట వంటిల్లు కూడా ముందు వారినే చూసుకుంటుంది. కనుక రేటింగు అంకె కంటే, తిని వెళ్లినవారు పెట్టిన ఫొటోలు చూడటం మేలు: టేబుళ్ల మధ్య ఎడం ఎంత, దీపాలు ఏ రంగువి, వెనక కనిపించే జనంలో ఆడవాళ్లు ఎంతమంది. ఈ మూడోది అన్నిటికంటే నమ్మదగిన గుర్తు. స్నేహితురాళ్లు మాత్రమే కలిసి వచ్చి కూర్చున్న టేబుల్ ఒకటి కనబడితే ఆ చోటి నడవడి గురించి బోర్డు చెప్పనిది అది చెబుతుంది.

మద్యం సంగతికి వస్తే, శివారులో దొరికే చోట్లన్నీ ఒక్కటి కావు. వైన్స్ అని జనం పిలిచే మద్యం దుకాణానికి ఆనుకుని ఉండే పర్మిట్ రూమ్, సీసా కొనుక్కుని అక్కడే ముగించి వెళ్లే గది మాత్రమే. డేట్‌కు దాని ప్రస్తావనే అనవసరం. మామూలు బార్‌లో లెక్క సీసాల్లో నడుస్తుంది: 180 మిల్లీలీటర్ల క్వార్టర్, 650 మిల్లీలీటర్ల బీరు, మధ్యలో స్టఫ్ అని పిలిచే చికెన్ 65, అపోలో ఫిష్ లాంటి నంజుళ్లు. అక్కడి గిరాకీ తాగడానికి వచ్చినవారిది కనుక సర్వర్ల మర్యాద కూడా అందుకు తగ్గట్టే ‘ఇంకో క్వార్టర్ చెప్పమంటారా’ అన్న ధోరణిలో సాగుతుంది. సొంతంగా బీరు తయారుచేసి అక్కడే పోసే మైక్రోబ్రూవరీలు గ్లాసు లెక్కన అమ్ముతాయి, స్త్రీలు అక్కడ సాధారణ గిరాకీయే. వాటి లోపమల్లా చెవులు గింగుర్లెత్తించే సంగీతమూ ధరలూ. ఇద్దరిలో ఒకరే తాగేవారైతే బార్ కంటే మద్యం కూడా దొరికే రెస్టారెంటు ఎంచుకోవడం సబబు, లేకపోతే రెండో మనిషి సోడా గ్లాసుతో సాయంత్రమంతా కాలక్షేపం చేయాల్సివస్తుంది. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం కొనడానికి కనీస వయసు 21 సంవత్సరాలు. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో బార్లు మూసి ఉంటాయి.

బిల్లు విషయంలో తెలియక మొహమాటపడేది సర్వీస్ చార్జీ దగ్గర. మామూలు రెస్టారెంటులో తిండిపై జీఎస్టీ 5 శాతం. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కనుక దానిపై రాష్ట్ర వ్యాట్ వేరుగా కనిపిస్తుంది. వీటికి తోడు కొన్నిచోట్ల చేర్చే సర్వీస్ చార్జీ పన్ను కాదు. దాన్ని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మొదటి పరిచయంలో బిల్లు పట్టుకుని వాదనకు దిగడం ఎవరికీ ముచ్చటగా ఉండదు. మెనూ కింద చిన్న అక్షరాల్లో ఆ మాట ఉందేమో కూర్చున్నప్పుడే చూసుకుంటే ఆ అవసరం రాదు. తినడం పూర్తికాకముందే నిమ్మచెక్క వేసిన ఫింగర్ బౌల్, దాని వెంటే సోంపుతో బిల్లు ఫోల్డరు వచ్చాయంటే అక్కడ టేబుల్ కోసం బయట టోకెన్లు ఇస్తున్నారని అర్థం, మళ్లీ ఆ చోటికి మాట్లాడుకోవడానికి రాకూడదని కూడా.

మిగిలింది తిరుగు ప్రయాణం, శివారు ఎంపికలో అందరూ చివరగా ఆలోచించేది. మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. 2019 సవరణ తరవాత మొదటిసారి పట్టుబడితేనే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. బండి వద్దనుకుంటే క్యాబ్. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో ఉన్న తోట రెస్టారెంటుకు సాయంత్రం ఆరున్నరకు క్యాబ్ వెంటనే వస్తుంది, రాత్రి పదిన్నరకు అదే చోటికి రమ్మంటే అంతదూరం ఖాళీగా రావాలన్న బెంగతో డ్రైవర్లు ఒకరి తరవాత ఒకరు రద్దు చేస్తారు. మెట్రో రాత్రి 11 గంటల ప్రాంతంలో ముగుస్తుంది కనుక మియాపూర్, నాగోలు, ఎల్బీ నగర్ చివరి స్టేషన్లకు నడిచి వెళ్లగలిగే దూరంలోని చోటు, చెరువు గట్టు పక్కనున్న దానికంటే అందంలో తక్కువైనా, పనికి ఎక్కువ వస్తుంది. ముఖ్యంగా ఇద్దరూ వేర్వేరు ఇళ్లకు వెళ్లవలసినవారైతే, ఎవరి దారిన వారు, ఎవరి మీదా ఆధారపడకుండా ఇల్లు చేరగలిగే చోటును అమ్మాయిలే ముందుగా ఎంచి చెప్పడం ఇప్పుడు మామూలైంది. వారు పంపిన లొకేషన్ మెట్రో స్తంభాల పక్కనే ఎందుకుందో అబ్బాయిలకు తరచుగా తొమ్మిదిన్నరకు గాని తెలియదు.