తల్లి సంతకం పెట్టినా పిల్లల మనోవర్తి పోదు

ఉమ్మడి విశాఖలో ఉండి 2022 నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన రోలుగుంట లాంటి మండలాల్లో మొగుడూ పెళ్లాలు విడిపోతే వ్యవహారం ముందు పెద్దల తగువుకే వెళ్తుంది. ఎంతో కొంత చేతిలో పెట్టి, ఇకపై సంబంధం లేదని కాగితం మీద సంతకాలు చేయిస్తారు. ఆ కాగితం చూపించే తండ్రి పిల్లల ఖర్చు కూడా తప్పించుకుంటాడు.

చట్టం వేరేలా చెబుతోంది. 2024 జూలై 1 నుంచి పాత సెక్షన్ 125 స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 144 వచ్చింది. విడాకులు లేకుండా పరస్పర అంగీకారంతో విడిగా ఉంటున్న భార్యకు దీని కింద మనోవర్తి రాదు. ఆ షరతు భార్యకే, పిల్లలకు కాదు. బిడ్డ హక్కును తల్లి సంతకంతో వదిలేయడం కుదరదు.

పెళ్లి జరగకుండా పుట్టిన బిడ్డకూ ఇదే హక్కు. దళిత యువతితో కాపురం చేసి, బిడ్డ పుట్టాక అసలు పెళ్లే కాలేదని తప్పుకునే పై కులపు మగవాడికి ఆ వాదన ఇక్కడ పనికిరాదు. అతనే తండ్రి అని రుజువైతే చాలు. ఈ సెక్షన్‌కు మతంతో పనిలేదు కాబట్టి క్రైస్తవ దళిత కుటుంబాలకూ వర్తిస్తుంది.

ఎంత ఇవ్వాలి? 2001కి ముందు నెలకు 500 రూపాయల పరిమితి ఉండేది, ఇప్పుడు లేదు. రజనీష్ వర్సెస్ నేహా తీర్పు (2020) ప్రకారం ఇద్దరూ ఆస్తి, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలి. మనోవర్తి దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్క. అందుకే తగువుల చుట్టూ తిరిగే ప్రతి నెలా పిల్లలకు నష్టమే. పని లేదన్న సాకుకు 2022లో అంజు గార్గ్ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది: ఒంట్లో శక్తి ఉన్నవాడు కూలి చేసైనా పోషించాలి. మధ్యంతర మనోవర్తి నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ, వాయిదాలు దాన్ని దాటిపోవడం మామూలే.

ఆర్డరు వచ్చినా డబ్బు ఇవ్వకపోతే, బాకీ పడిన ఏడాదిలోపే మళ్లీ కోర్టుకు చెప్పాలి. ఈ గడువు తెలియక పోగొట్టుకోవద్దు. వారంటు, నెల వరకు జైలు ఉంటాయి. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరదు.

భార్య తానుంటున్న చోటి కోర్టులోనే కేసు వేయవచ్చు, భర్త హైదరాబాదులో ఉన్నా సరే. ఫీజు భయం అక్కర్లేదు: 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద ఎస్సీలకే కాదు, ఏ స్త్రీకైనా, బిడ్డకైనా ఉచిత లాయరు ఇస్తారు. కుల ధ్రువపత్రం లేని క్రైస్తవ దళిత తల్లి స్త్రీగానే అడగవచ్చు. 15100కు ఫోన్ చేసి, పిల్లల జనన ధ్రువపత్రం, ఆధార్, తండ్రి పని వివరాలు దగ్గర పెట్టుకోవాలి. తగువులో రాసుకున్న కాగితం ఉంటే అదీ తీసుకెళ్లండి, దాచొద్దు.